ఉత్తరం యాడుందో తెలీని ఇద్దరు – కొండ ఎక్కడం మొదలుపెట్టేవాళ్ళ కోసం

పోయిన ఎపిసోడ్ కింద చానా మంది ఒకటే అడిగినారు. "అన్నా, మాకు కూడా కొండలెక్కాలనుంది, ఎట్ల మొదలుపెట్టాల? హిమాలయాలకి పోవాలా? ఎంత ఖర్చవుతాది?" అని. ఈపొద్దు దాని గురించే మాట్లాడుకుందాం. హిమాలయాలు తర్వాత చూద్దాం. మన దేవనకొండ ఊరి పేర్లోనే కొండ ఉండాది, పక్కనే పత్తికొండ. ఆదోనికి పోతే ఊరి నెత్తి మీదనే కోటకొండలు. ఇన్ని కొండలు పెట్టుకుని మనం ఫోన్లో మనాలీ వీడియోలు చూసుకుంటా కూర్చుంటాం.

ముందు నా కథ చెప్తా. సిగ్గుపోయే కథే, అయినా చెప్తా.

రెండేళ్ళ కిందట, నవంబరు నెల. నేనూ, మా చిన్నాయన కొడుకూ ఒక గుట్ట ఎక్కినాం. పేరు చెప్పను, చెప్తే మీరంతా అక్కడికే పోతారు. పెద్ద కొండేం కాదు. కింద నుంచి చూస్తే అరగంటలో ఎక్కేయొచ్చు అనిపిస్తాది. మధ్యాన్నం మూడున్నరకి బయల్దేరినాం. కాళ్ళకి చెప్పులు, చేతిలో ఒక నీళ్ళ బాటిల్, ఇద్దరికీ కలిపి ఒకటే. మేకలు నడిచే బాట పట్టుకుని, బండల సందుల్లో దూరి, నాలుగున్నరకి పైకి చేరినాం. పైన గాలి, వెలుతురు, చుట్టూ పత్తి చేలు, ఏం చెప్పాలప్పా! ఒక గంట సేపు వీడియోలు తీసుకున్నాం. ఫోన్ నాలుగు శాతానికి వచ్చింది. వాడి ఫోన్ ఎక్కేటప్పుడే ఆగిపోయింది, పాటలు పెట్టుకుని ఎక్కినాడు కాబట్టి.

ఐదున్నరకి దిగడం మొదలుపెట్టినాం. నవంబరులో మనకి ఐదూ నలభై ప్రాంతంలో పొద్దు గుంకుతాది, ఆరు దాటితే చీకటే. వచ్చిన బాటే కదా, దిగేస్తాం అనుకున్నాం. పది నిమిషాలకి బాట కనపడలా. ఎక్కేటప్పుడు చూసిన బండ ఒక్కటీ దిగేటప్పుడు గుర్తుపట్టలేకపోయినాం. ఏ సందులో దూరినా కొత్త సందే. చివరికి ఒక నున్నటి బండ మీదికి వచ్చినాం. అది జారుతా జారుతా పోయి, ఒకచోట తెగిపోయింది. తొంగి చూస్తే కింద మూడు మనుషుల ఎత్తు. వెనక్కి ఎక్కుదామంటే చెప్పులు జారుతాండాయి. మా వాడు ఏడుపు మొహం పెట్టినాడు. నేను పెట్టలేదని చెప్పను.

అప్పుడు కింద చేలో నుంచి ఒక పెద్దాయన అరిచినాడు. గొర్రెలు మళ్ళేసుకుని పోతాండాడు. "ఓ పిల్లోళ్ళారా! ఆ బండ దిగొద్దు! ఉత్తరం పక్కకి జరగండి, ఉత్తరం పక్కకి! ఆడ దారుండాది!"

నేను మావాడి మొహం చూసినా. వాడు నా మొహం చూసినాడు. ఉత్తరం ఏ పక్కో ఇద్దరికీ తెలీదు. నేను డిగ్రీ. వాడు ఇంజినీరింగ్.

ఆయనే కట్టె, టార్చిలైటు పట్టుకుని ఎక్కొచ్చినాడు. పది నిమిషాలు పట్టిందేమో. చేయి పట్టుకుని తీసుకుపోతే, మేం నిలబడిన బండకీ, మేం ఎక్కొచ్చిన బాటకీ నడుమ నూరడుగులు కూడా లేదు! దిగినాక ఆయన తిట్టలా. ఒక్క మాటే అడిగినాడు. "ఇంట్లో మీ అవ్వ చెంబు యాడుందో ఎట్ల చెప్తాది రా మీకు?" అని.

నిజమే. మా అవ్వ ఎప్పుడూ "ఎడమ పక్క, కుడి పక్క" అనదు. "తూర్పు గోడ కాడ చెంబుండాది తే", "ఉత్తరం తలపెట్టి పడుకోవద్దు రా" ఇట్లే అంటాది. మన పెద్దోళ్ళందరూ అంతే. చేను గట్టు గురించి చెప్పినా, ఇంటి గది గురించి చెప్పినా దిక్కుతోనే చెప్తారు. ఆ పరిజ్ఞానం మన ఇంట్లోనే ఉండాది. మనం ఫోన్‌లో నీలం చుక్కని చూసుకుంటా దాన్ని వదిలేసినాం.

కాబట్టి మీ మొదటి పాఠం కొండ మీద కాదు, ఇంట్లోనే. ఉత్తరం పక్క తలపెట్టొద్దని మీ ఇంట్లో కూడా అంటారు కదా? అంటే మీరు పడుకునే గదిలో ఉత్తరం ఏ పక్కో మీకు ముందే తెలుసు. అక్కడ మొదలుపెట్టండి. వీధిలోకి వచ్చి అదే పక్కకి చేయి చూపండి. బస్సులో పోతా మలుపు మలుపుకీ "ఇప్పుడు ఏ దిక్కుకి పోతున్నాం" అని మనసులో అనుకోండి, తర్వాత ఫోన్ దిక్సూచిలో సరిచూసుకోండి. దేవనకొండ నుంచి ఎమ్మిగనూరు ఉత్తరం వైపు, పత్తికొండ దక్షిణం, ఆదోని పడమర, కర్నూలు ఈశాన్యం. వారం రోజులు చేస్తే అలవాటైపోతాది. మావాడు ఇప్పుడు హాస్టల్లో కూడా "తూర్పు పక్క బకెట్టు" అంటాండాడంట, ఫ్రెండ్సు నవ్వుతారంట. (నవ్వు)

సరే, ఇప్పుడు సూర్యుడు. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, మాకు తెలీదా అన్నా" అంటారు. పొద్దున, సాయంత్రం సరే. నడిపొద్దున? ఇంటర్నెట్లో చానా వీడియోలు ఉంటాయి, "మధ్యాహ్నం సూర్యుడు దక్షిణంలో ఉంటాడు, చేతి గడియారం ముల్లుతో దక్షిణం కనుక్కోవచ్చు" అని. అవి యూరప్ లాంటి చోట్లకి చేసినవి. మన ప్రాంతం ఉత్తర అక్షాంశం పదిహేనున్నర డిగ్రీల దగ్గరుంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాన్నం సూర్యుడు మన నెత్తి మీద కాస్త ఉత్తరం వైపుకే ఉంటాడు! ఆ వీడియో నమ్ముకుని జూన్‌లో కొండ దిగితే సరిగ్గా తప్పు పక్కకి దిగుతారు. ఇంకోటి, మన దగ్గర సూర్యుడు బాగా పైకొచ్చేది గడియారంలో పన్నెండుకి కాదు, పన్నెండుంబావు పన్నెండున్నర ప్రాంతంలో. ఎందుకంటే మన దేశం టైము 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాది, ఆదోని 77 దాటి కొంచెం దగ్గర ఉంటాది.

దీనికి నమ్మకమైన పద్ధతి ఒకటుంది. ఒక కట్టె నేలలో నిలబెట్టండి. నీడ కొన దగ్గర ఒక రాయి పెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి, చెనిక్కాయలు తినండి. నీడ జరుగుతాది. కొత్త కొన దగ్గర రెండో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. వేసవైనా చలికాలమైనా దాదాపు సరిగ్గానే వస్తాది. నడిపొద్దుకి దగ్గర్లో చేస్తే ఇంకా బాగా వస్తాది. మీ ఇంటి మిద్దె మీద ఈ ఆదివారం చేసి చూడండి.

ఇప్పుడు ఫోన్. ఫోన్ వద్దని నేను చెప్పను, ఫోన్ చానా మంచి పనిముట్టు. కానీ మనలో చానా మందికి ఒక అపోహ ఉండాది. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని. తప్పు. మీ ఫోన్ ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాల్ని వింటాది, అంతే. దానికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి లొకేషన్ మాత్రం ఆన్ చేస్తే చాలు, మీరు యాడుండారో అది చెప్తాది. డేటా కావాల్సింది కింద కనపడే బొమ్మకి, అంటే మ్యాప్‌కి. అందుకే ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాల. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటాది. కానీ అది కారు నడిపేవాళ్ళ మ్యాప్. కాలిబాటలు, వంకలు చూడాలంటే ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ లాంటివి బాగుంటాయి. ఇవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటం మీద నడుస్తాయి. మన పక్క కొండలకి దాంట్లో కూడా బాటలు తక్కువే ఉంటాయి. ఎవరైనా నడిచి గీస్తేనే ఉంటాయి. మీరే గీయొచ్చు, అది ఇంకో ఎపిసోడ్.

ఏరోప్లేన్ మోడ్‌తో ఇంకో లాభం. కొండ వెనక సిగ్నల్ కోసం ఫోన్ వెతుక్కుంటా వెతుక్కుంటా బ్యాటరీ తాగేస్తాది. మోడ్ మార్చితే రోజంతా వస్తాది. వేసవిలో ఫోన్‌ని ఎండలో బండ మీద పెట్టొద్దు, వేడెక్కి ఆగిపోతాది. గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకోండి. ఫోన్ దిక్సూచి వాడేముందు ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పండి. కవర్‌కి అయస్కాంతం ఉంటే అది తీసేయండి, లేకపోతే దిక్సూచి అబద్ధం చెప్తాది. నూటయాభై, రెండువందలకి ప్లాస్టిక్ దిక్సూచి దొరుకుతాది, ఒకటి కొని పెట్టుకోండి. దిక్సూచి ముల్లు చూపే ఉత్తరానికీ, అసలు ఉత్తరానికీ కొన్ని దేశాల్లో చానా తేడా ఉంటాది. మన ప్రాంతంలో తేడా డిగ్రీ, రెండు డిగ్రీల లోపే. మనకి ఆ లెక్క తలనొప్పి లేదు.

ఇప్పుడు అసలు మ్యాప్. సర్వే ఆఫ్ ఇండియా పేరు వినుంటారు, 1767లో మొదలైన సంస్థ. వాళ్ళ టోపోషీట్లు ఇప్పుడు వాళ్ళ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే పీడీఎఫ్‌గా దొరుకుతాయి. పాత నంబర్ల లెక్కన ఆదోని ఉండేది 57 ఇ లో 6వ షీటు. మనవైపు షీట్లన్నీ ఆ 57 ఇ లోనే వస్తాయి. 1:50,000 స్కేలు, అంటే మ్యాప్ మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. దాంట్లో గోధుమ రంగు గీతలు వంకరటింకరగా ఉంటాయి. వాటిని చూసి భయపడొద్దు. మన ఊరి చెరువు గుర్తు తెచ్చుకోండి. ఎండాకాలం నీళ్ళు తగ్గుతా వస్తే లోపల ఒడ్డున గీతలు గీతలుగా పడతాయి కదా? ఒక్కో గీత ఒక్కో ఎత్తు. ఆ మ్యాప్ గీతలూ అంతే. ఒక గీత మీద యాడ నిలబడినా ఎత్తు ఒకటే. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరంగా ఉంటే వాలు తక్కువ. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు.

ఇక్కడే జాగ్రత్త. 20 మీటర్లకొక గీత. మమ్మల్ని ఆపిన బండ మూడు మనుషుల ఎత్తు, అంటే ఐదారు మీటర్లు. దానికి మ్యాప్‌లో గీతే ఉండదు! హిమాలయాల్లో, నల్లమలలో ఈ గీతలు చానా సంగతులు చెప్తాయి. మన బండకొండల్లో చంపేవన్నీ ఆ రెండు గీతల మధ్యనే ఉంటాయి. ఫోన్లో నీలం చుక్క కూడా అంతే. మీరు యాడుండారో అది చెప్తాది, అడుగు ముందు ఏముందో చెప్పదు. "వందడుగుల్లో రోడ్డుండాది" అని చూపిస్తాది, ఆ వందడుగుల్లో ఒక తెగిన బండ ఉండొచ్చు. అందుకే మ్యాప్ చూసి దారి ఎంచుకోండి, కానీ నేరుగా గీత గీసుకుని దిగొద్దు.

మరి మేం చేసిన తప్పేంది? ఫోన్ చార్జింగు లేకపోవడం ఒకటి, సరే. అసలు తప్పు వేరే. ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలా. మనం ఎక్కేటప్పుడు కొండ ఒక మొహం చూపిస్తాది, దిగేటప్పుడు ఇంకో మొహం చూపిస్తాది. బండ కింద నుంచి ఏనుగులా కనపడితే, పైనుంచి చూస్తే అది ఏనుగు కాదు, ఒట్టి చదును రాయి. పైగా ఎక్కేటప్పుడు ఎటు పోయినా శిఖరం ఒక్కటే. ఏ సందులో దూరినా పైకే చేరతాం. దిగేటప్పుడు ఒక్క అడుగు పక్కకి పడితే కొండ ఇంకో పక్కకి దిగుతాం, ఇంకో వంకలోకి పోతాం. తప్పిపోయేది ఎక్కువగా దిగేటప్పుడే.

దానికి నేను ఇప్పుడు చేసేది చెప్తా. ఐదు నిమిషాలకొకసారి ఆగుతా. ఊపిరి కోసం ఎట్లా ఆగాల కదా! వెనక్కి తిరిగి, నేను వచ్చిన సందుని ఒక ఫోటో తీస్తా. సెల్ఫీ కాదు, ఖాళీ దారి ఫోటో. నోటితో పైకే చెప్పుకుంటా. "పగిలిన గుండు, దాని పక్కన సీతాఫలం చెట్టు, అక్కడ తూర్పుకి తిరిగినా" అని. బాట రెండుగా చీలే చోట మూడు చిన్న రాళ్ళు పేర్చి పెడతా, దిగేటప్పుడు తీసేస్తా. తీసేయాల, లేకపోతే తర్వాత వచ్చేవాడికి తప్పు దారి చూపినట్టు. దిగేటప్పుడు ఆ ఫోటోలు వెనక నుంచి ఒకటొకటి చూసుకుంటా దిగుతా. ఇంత సులువైన పని ఇంకోటి లేదు, నేను చూసిన కొత్తవాళ్ళలో ఇది చేసేవాడు మాత్రం కనపడలా.

ఇంకోటి, చేతికర్ర లాంటి గుర్తు ఒకటి, ఆపే గోడ లాంటి గుర్తు ఒకటి ముందే పెట్టుకోవాల. ఆదోని తీసుకుందాం. ఆదోని రైలు పట్టా గుంతకల్లు నుంచి రాయచూరు వైపుకి పోతాది, అంటే మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి. కొండ పైనుంచి రైలు కనపడినా, కూత వినపడినా మీకు ఉత్తర దక్షిణాలు దొరికినట్టే. పట్టా మన కొండకి ఏ పక్కనుందో ఎక్కేముందే చూసుకుంటే, "దారి తప్పితే ఆ పక్కకే దిగుతా, పట్టా తగిలితే ఆగుతా" అనుకోవచ్చు. మీ ఊర్లో అది కాలవ కావచ్చు, తారురోడ్డు కావచ్చు, చెరువు కట్ట కావచ్చు.

మొదటి కొండ ఏది అని అడిగితే నేను ఆదోని రణమండల కొండనే చెప్తా. ఆంజనేయస్వామి గుడికి పోయే దారి, జనం నడిచే దారి, తప్పిపోయేదేమీ లేదు. "అది గుడి కదా అన్నా, ట్రెక్కింగ్ కాదు కదా" అంటారు. నేర్చుకునేవాడికి అదే కావాల. దారి గురించి భయం లేనప్పుడే మ్యాప్ నేర్చుకోవాల. పైకి పోయి మ్యాప్‌ని ఉత్తరానికి తిప్పి పట్టుకోండి. కింద కనపడే మసీదు, పట్టా, చెరువు, రోడ్డు, ఒక్కోటి మ్యాప్‌లో వెతకండి. తర్వాత ఫోన్ తీసి సరిచూసుకోండి. ముందు ఫోన్ చూడొద్దు! అది జవాబుల పేజీ ముందే చూసినట్టు.

ఆదోని కోట సంగతి వేరే. ఐదు కొండల మీద కట్టిన కోట. బారాకిల్లా, తాలిబండ అనే రెండు చుట్టూ నేల నుంచి 800 అడుగులు లేస్తాయని పాత గెజిటీరులో ఉండాది. విజయనగరం రాజుల చేతిలో నుంచి బీజాపూరు సుల్తానులకి పోయింది, 1786లో టిప్పు సుల్తాన్ నెలరోజులు చుట్టుముట్టి పట్టుకున్నాడు, 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీ చేతికి వచ్చింది. అంత పెద్ద సైన్యాలకే కష్టమైన బండలు అవి. మూడో నాలుగో నడకకి పెట్టుకోండి, తెలిసినవాళ్ళతో పోండి.

ఎంత టైం పడతాది అనేదానికి ఒక పాత లెక్క ఉండాది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు ఆయన చెప్పినది. మన కొలతల్లో దాదాపు ఐదు కిలోమీటర్ల నడకకి ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలుపు. 800 అడుగులంటే 240 మీటర్లు, అంటే 24 నిమిషాలు. మూడు కిలోమీటర్ల నడకకి 36 నిమిషాలు. మొత్తం గంట. కానీ అది చలి దేశపు లెక్క, బాట బాగుండే దేశపు లెక్క. మన ఎండకీ, మన బండలకీ నేను రెండింతలు వేసుకుంటా. రెండు గంటలు. దిగడానికి కూడా అంతే వేసుకోండి, దిగడం తేలికని తగ్గించొద్దు.

ఆ లెక్క చూసి వెనక్కి తిరిగే టైం ఇంట్లోనే రాసుకోవాల. "తొమ్మిదిన్నరకి యాడున్నా సరే తిరుగుతాం" అని. శిఖరం ఇంకో పది నిమిషాలే ఉన్నా తిరగాల్సిందే. ఇదే కష్టం. పైన నిలబడి ఎవ్వరికీ తిరగాలనిపించదు. కొండ యాడికీ పోదప్పా, మళ్ళీ వారం ఉంటాది.

కాలం గురించి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. పొద్దున్నే ఐదున్నరకి మొదలుపెట్టి పదికల్లా కింద ఉండాల, ఉగ్గాని బజ్జీ వేడిగా దొరికే టైం అది. మార్చి నుంచి కొండ మీద బోద గడ్డి ఎండిపోయి ఉంటాది, అగ్గిపుల్ల చాలు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకి పోయిన గుంపులు అడవి మంటల్లో చిక్కుకున్నారు, ఇరవై మందికి పైగా చనిపోయినారు. అందులో చానా మంది మన వయసు వాళ్ళే. ఎండు గడ్డి ఉన్నప్పుడు కొండెక్కొద్దు, ఎక్కినా సిగరెట్టు, వంట, ఏదీ వద్దు. రిజర్వు ఫారెస్టైతే అటవీశాఖ వాళ్ళని అడక్కుండా అడుగు పెట్టొద్దు.

వానాకాలం కొండలు పచ్చగా బాగుంటాయి, కానీ బండ మీద నల్లటి చారలు చూసినారా? నీళ్ళు పారే చోటు అది, నాచు పట్టి ఉంటాది. ఎండినప్పుడు ఏమీ కాదు, తడిస్తే సబ్బే. ఉరుము వినపడితే శిఖరం వదిలి దిగాల, ఒంటి చెట్టు కింద నిలబడొద్దు. పిడుగుల సంగతి మన గొర్రెల కాపరుల్ని అడగండి, వాళ్ళు చెప్తారు.

బండ అంచుల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి. అరుపులు, పొగ, రాళ్ళు వేయడం, ఏవీ వద్దు. అవి లేస్తే పరిగెత్తే చోటు కూడా ఉండదు మీకు. గుహల్లాంటి సందుల్లో తల దూర్చొద్దు. మన సీమ బండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉండాయి, మామూలుగా మన శబ్దానికి పక్కకి పోతాయి. అందుకే ఒంటరిగా పోవద్దు, ముగ్గురు నలుగురు పోండి, మాట్లాడుకుంటా పోండి. ముగ్గురైతే ఒకడికి కాలు బెణికినా ఒకడు తోడుండొచ్చు, ఒకడు కిందికి పోయి చెప్పొచ్చు.

చెల్లెళ్ళు కొందరు అడిగినారు, "అన్నా, మమ్మల్ని పంపించరు" అని. ఒక సంగతి చెప్పండి ఇంట్లో. మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల, గురుకులంలో చదువుకున్న పిల్ల, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలా. ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ కూడా గురుకులం పిల్లోడే. వాళ్ళు మొదట నేర్చుకున్నది యాడనుకున్నారు? భువనగిరి బండ మీద. మన ఆదోని బండలాంటి బండే అది. అయితే వాళ్ళకి నేర్పేవాళ్ళు ఉండారు, తాళ్ళు ఉండాయి. తాడు కావాల్సిన బండ మనం ఎక్కొద్దు. ఇంట్లో అమ్మనే ఒకసారి రణమండల కొండకి తీసుకుపోండి, మొదటి నడకకి ఆమెనే తోడు. మీకంటే ముందు ఎక్కేస్తాది చూడండి. శ్రీశైలానికి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా నల్లమలలో నడిచిపోయినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉండారు కదా.

బ్యాగులో ఏముండాల? మనిషికి రెండు లీటర్లకి తగ్గకుండా నీళ్ళు, ఎండ ఉంటే మూడు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. చెనిక్కాయలు, బెల్లం, జొన్న రొట్టె. టార్చి, పొద్దున పోయినా సరే టార్చి. ఈల ఒకటి, ఐదు పది రూపాయల ఈల. గొంతు అరగంటలో పోతాది, ఈల పోదు. కాళ్ళకి పట్టున్న బూట్లు, కొత్తవి వద్దు, అలవాటైనవి.

పోయేముందు ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. ఏ కొండ, ఏ పక్క నుంచి ఎక్కుతాం, ఎంతమంది, ఎన్నింటికి దిగి ఫోన్ చేస్తాం. "ఆ టైంకి ఫోన్ రాకపోతే ఏం చేయాల" అనేది కూడా రాయండి. కొండ కింద చేలో ఉండేవాళ్ళకి కూడా చెప్పి పోండి. ఇది మర్యాద కూడా. మన పక్క తెలీని పిల్లోళ్ళు కొండల్లో తిరుగుతాంటే గుప్తనిధుల కోసం వచ్చినారేమో అనుకుంటారు. జొన్నగిరి, తుగ్గలి పక్కైతే వానలు పడంగానే వజ్రాల కోసం అనుకుంటారు. "ఊరికే నడుద్దామని వచ్చినాం తాతా" అంటే ముందు నవ్వుతారు, తర్వాత యాడ నీళ్ళుండాయో, యాడ బండ తెగిందో, యాడ పాములుండాయో అన్నీ చెప్తారు. అంత మంచి మ్యాప్ ఏ యాప్‌లోనూ లేదు.

ఒకవేళ తప్పిపోతే? ముందు కూర్చోండి. నిజంగా కూర్చోండి, నీళ్ళు తాగండి, పది నిమిషాలు కదలొద్దు. భయంలో నడిచిన ప్రతి అడుగూ ఇంకా దూరం తీసుకుపోతాది. తర్వాత చివరిగా కచ్చితంగా తెలిసిన చోటు ఏదో గుర్తు తెచ్చుకుని, పైకైనా సరే అక్కడికే వెనక్కి పోండి. కొత్త దారి వెతుక్కుంటా కిందికి దిగొద్దు. కుదరకపోతే ఉన్నచోటే ఉండి 112కి ఫోన్ చేయండి, దెబ్బ తగిలితే 108. "కొండ మీద ఉన్నాం" అంటే వాళ్ళకేం తెలుస్తాది? మ్యాప్‌లో నీలం చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మన దగ్గరైతే మొదటిది 15తో, రెండోది 77తో మొదలవుతాది. చుక్క తర్వాత నాలుగు అంకెలు చదివి చెప్తే, పది పదకొండు మీటర్ల తేడాలో మీరుండే చోటు చెప్పినట్టే. ఇప్పుడే, ఇంట్లోనే, ఒకసారి నొక్కి చూసి చదవండి. భయంలో చేతులు వణుకుతాయి, అప్పుడు నేర్చుకోలేం.

ఆ గొర్రెల తాత దగ్గరికి నేను పోయిన సంక్రాంతికి మళ్ళీ పోయినా. అదే గుట్ట. ఈసారి పొద్దున్నే ఎక్కి, తొమ్మిదికి దిగినా. ఆయన కింద గట్టు మీద కూర్చుని ఉండాడు. "ఏం రా, ఉత్తరం దొరికిందా?" అన్నాడు. చేయి ఎత్తి చూపించినా. ఆయన తల తిప్పి ఒకసారి చూసి, "ఆ... కాస్త ఈశాన్యానికి పోయినావు" అన్నాడు.

ఇంటికొచ్చి దిక్సూచితో చూసినా. ఆయనే కరెక్టు.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో మన బాటలు మనమే ఫోన్‌లో గీసి మ్యాప్‌లో ఎట్ల పెట్టాలో చేసి చూపిస్తా. అంతలోగా మిద్దె మీద కట్టె, రెండు రాళ్ళు, మర్చిపోవద్దు. ఉంటా.